ఆరేళ్ళు కదలని కారు కోసం పాలమూరుకు

పాలమూరు వైపు ప్రయాణమంటే ఎవరైనా పిల్లలమర్రి చూసి రావడానికో, ఆలంపురం జోగులాంబ దర్శనానికో, గద్వాల చీర కొనుక్కోవడానికో వెళతారు. మా వారూ నేనూ 2025 అక్టోబరులో నల్లగొండ నుంచి బయలుదేరింది మాత్రం వనపర్తి దగ్గర ఒక పల్లెలో, కొట్టంలో పడి ఉన్న అంబాసిడర్ కారు చూడటానికి. ఈ మాట చెబితే మా తోడికోడలు పకపకా నవ్వింది. "కొత్త కారు కొనేవాళ్ళను చూశాను గానీ, బర్రెల కొట్టంలో కారు వెతుక్కునేవాళ్ళను మిమ్మల్నే చూస్తున్నా అక్కా" అంది.

మా వారికి అంబాసిడర్ అంటే చిన్ననాటి నుంచీ మోజు. ఒకప్పుడు పల్లెల్లో పెళ్ళికొడుకు ఊరేగాలన్నా, కలెక్టరు రావాలన్నా, పట్నం ఆస్పత్రికి రోగిని తీసుకుపోవాలన్నా అదే కారు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో, పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర నుంచి తయారు చేశారు. మారుతి 800 వచ్చిన 1983 తర్వాత దీని జోరు తగ్గింది. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. అంటే ఇప్పుడు కొనాలన్నా కొత్తది దొరకదు. ఎవరి ఇంట్లోనో మూలన ఉన్నదే వెతుక్కోవాలి.

నా దగ్గర చీటీ ఎత్తిన డబ్బు రెండు లక్షలు ఉంది. వంటింట్లో అల్మారాలు చేయించుకుందామని దాచుకున్నది. మా వారి రిటైర్మెంటు దగ్గర పడింది, ఇన్నేళ్ళలో తన కోసం అంటూ ఒక్కటీ అడగని మనిషి. సరేనన్నాను గానీ రెండు షరతులు పెట్టాను. కొన్న ధర, బాగుచేతల ఖర్చు, కాగితాల ఖర్చు అన్నీ కలిపి రెండు లక్షలు దాటకూడదు. కాగితాలు సరిగ్గా లేకపోతే కారు ఎంత ముద్దుగా ఉన్నా వెనక్కి తిరిగి రావాలి.

దారి పొడుగునా

పొద్దున్నే ఆరింటికి నల్లగొండలో బస్సెక్కాం. 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్టు ఇచ్చారు. డబ్బు మా వారికే. చేతిలో సంచి నిండా మా నల్లగొండ బత్తాయిలు. ఎవరి ఇంటికి పోయినా ఒట్టి చేతులతో పోకూడదని మా అత్తగారు నేర్పిన పద్ధతి.

కొండమల్లేపల్లి దాటి దేవరకొండ చేరేసరికి ఎండ ముదిరింది. ఏడు గుట్టల నడుమ రేచర్ల పద్మనాయకులు కట్టిన కోట బస్సు కిటికీలోంచి కనపడీ కనపడకుండా పోయింది. అక్కడ ఇంకో బస్సెక్కి డిండి మీదుగా కల్వకుర్తి చేరాం. దారికి రెండు వైపులా ఎర్రనేల, పత్తి చేలు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాళ్ళగుట్టలు. ఆ గుట్టల మీదే సీతాఫలం చెట్లు. అక్టోబరు కావడంతో బస్టాండు బయట ఆడవాళ్ళు గంపలతో కూర్చున్నారు. పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మీద సీతాఫలంలో ఒక రకమే ఉంది తెలుసా! కన్ను విచ్చుకున్న కాయ తీసుకుంటే రెండు రోజుల్లో తినొచ్చు, పచ్చి కాయయితే బియ్యం డబ్బాలో పెట్టుకోవాలి.

కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూలు, బిజినేపల్లి మీదుగా వనపర్తి. 2016 వరకు ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఆ ఏడాది అక్టోబరులో నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరు జిల్లాలయ్యాయి. వనపర్తి ఒకప్పటి సంస్థానం. రాజావారి కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. రాజులు తిరిగిన గదుల్లో పిల్లలు మెషీన్ల పని నేర్చుకుంటున్నారు. మేడ ఖాళీగా ఉంచితే గబ్బిలాలు చేరతాయి, పిల్లలు చేరితే ఇల్లు నిలబడుతుందని మా వారన్నారు.

బస్టాండు దగ్గర టీ కొట్టులో విచారించి, పాత బండ్ల పని తెలిసిన ఒక పెద్ద మెకానిక్‌ను వెంటబెట్టుకొని ఆటోలో పల్లెకు వెళ్ళాం. అమ్మేవాళ్ళకు గానీ, మధ్యవర్తికి గానీ సంబంధం లేని మెకానిక్ అయితేనే ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

కొట్టంలో కారు

కారు 1984 నాటి మార్క్ 4, పెట్రోలుది, తెల్ల రంగు. నంబరు పలకమీద ఏ అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు. ఒకవైపు రెండు బర్రెలు, ఒకవైపు వరిగడ్డి, నడుమ ఈ కారు. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. కప్పు మీద కోళ్ళు. కానీ బానెట్ మీద పసుపు కుంకుమలు మాత్రం తాజాగా ఉన్నాయి, వాడిన బంతిపూల దండ వేలాడుతోంది. ఆ ఇంటి పెద్దాయనకు చూపు తగ్గి 2019 దసరా తర్వాత బండి తీయలేదట. 2021లో ఆయన పోయారు. అయినా ప్రతి దసరాకు పెద్దమ్మ కారు కడిగి, నిమ్మకాయ పెట్టి, పూజ మాత్రం మానలేదు.

నాకు కారు సంగతులు తెలియకపోయినా ఇల్లు సర్దుకునే ఆడదానికి తుప్పు, చెమ్మ, ఎలుకల జాడ తెలియకపోవు కదా! మా వారు స్టీరింగు పట్టుకొని మురిసిపోతుంటే నేను మెకానిక్ వెంట టార్చి లైటు పట్టుకొని తిరిగాను. ఆయన చెప్పినవి ఇవీ.

నిలిచి ఉన్న కారులో మొదట చెడేది పెట్రోలు. ఏడాదికే దాని సారం పోతుంది, ఏళ్ళు గడిస్తే జిగురు కట్టి వార్నిషు వాసన కొడుతుంది. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే నాకు కూడా తెలిసిపోయింది. ఆ పెట్రోలుతోనే స్టార్టు చేస్తే జిగురంతా కార్బురేటర్‌లోకి పోతుంది. కాబట్టి ట్యాంకు దింపి కడిగించాలి, పైపులు మార్చాలి. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, పాతకాలపు రబ్బరు పైపులు దానికి ఓర్చుకోవు.

రెండోది బ్రేకులు. చక్రాల దగ్గర ఉండే చిన్న సిలిండర్లలో రబ్బరు గిన్నెలు ఎండిపోయి, తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఇంజను నడిచిందని సంబరపడి రోడ్డెక్కితే ఆగేటప్పుడు తెలుస్తుంది. "ముందు ఆపుడు సరిజేయాలె అమ్మా, తర్వాతనే నడుపుడు" అన్నాడాయన. ఈ మాట నాకు బాగా నచ్చింది.

మూడోది అడుగు భాగం. పైన రంగు నిగనిగలాడుతున్నా కాళ్ళ కింది పట్టాలు ఎత్తి చూడాలి. ఎత్తితే ఒకచోట స్క్రూడ్రైవరు కిందికి దిగిపోయింది. పశువుల మూత్రం ఇనుముకు పరమశత్రువట. తలుపుల అంచుల కింద, స్టెపినీ పెట్టే చోట కూడా అలాగే చూశాం. నాలుగోది వైర్లు, ఎలుకలు సగం కొరికేశాయి. వెనక సీటు దూదిలో వాటి కాపురం. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి, అలాంటి చోట్ల పాములూ ఉండొచ్చు.

అసలు పరీక్ష ఇంజనుది. లోపల బిగుసుకుపోయిందా లేదా అన్నది తాళం తిప్పి చూడకూడదట. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో కొంచెం కొంచెం నూనె పోసి రాత్రంతా వదిలేశాడు. "పొద్దుగాల హ్యాండిల్ వేసి చేత్తో తిప్పుదాం. తిరిగితే బేరం చేయుండ్రి, తిరగకుంటే బస్సెక్కుండ్రి" అని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ ఆ రాత్రి మమ్మల్ని కదలనివ్వలేదు.

బీరువాలో కాగితం

రాత్రి వేడి వేడి జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పల్లీల పచ్చడి. రొట్టె చేతుల్తో తట్టి పెనం మీద వేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మగవాళ్ళు వాకిట్లో మంచాల మీద చేరాక మెల్లగా అడిగాను.

"కారు అమ్ముడు నీకు ఇష్టమేనా పెద్దమ్మా?"

ఆమె రొట్టె తిప్పుతూ, "నన్ను గీ మాట ఎవ్వరడిగిండ్రు బిడ్డా!" అంది. "నూనె మిల్లు మంచిగ నడిచిన దినాలల్ల కొన్నడు మా ఆయన. పిల్లల పురుళ్ళకు, పెండ్లిళ్ళకు అన్నిటికి గదే కారు. పెద్దోడేమో తుక్కుకు ఇయ్యమంటడు. చిన్నోడేమో ఇంకింత ధర పెరుగుతది ఆగుమంటడు. ఇద్దరి నడుమ అది మట్టిల పడ్డది. నడిపేటోళ్ళు కొంటే నాకు సంబురమే. వచ్చిన పైసలతోని ఇంటి కప్పు బాగు చేపిచ్చుకుంట, వాన పడితే నీళ్ళు కారుతున్నయ్."

తర్వాత బీరువా తెరిచి పట్టుచీర మడతలోంచి ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో ఆర్సీ పుస్తకం. పేరు పెద్దాయనదే. 2019లో రెన్యువల్ చేయిస్తే 2024 వరకు చెల్లింది, ఆ తర్వాత గడువు తీరిపోయింది. అంటే చట్టం లెక్కన ఆ కారు అమ్మే అధికారం ఆమెకు లేదు, కొడుకులకూ లేదు. ఎవరు సంతకం పెట్టి ఇచ్చినా మా డబ్బు నీళ్ళలో పోసినట్టే.

యజమాని చనిపోతే వారసులు మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టుకొని బండిని తమ పేరుకు మార్చుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల ఒప్పుకోలు కావాలి. అది అయ్యాకనే అమ్మకానికి ఫారం 29, ఫారం 30. కారుకు అప్పు ఉండి తీరిస్తే ఫారం 35. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, బండిని ఆఫీసులో చూపించాలి. ఈ రుసుం 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గడువు దాటిన నెలలకు అదనపు రుసుం, పైన గ్రీన్ టాక్సు వేరే.

యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మార్చకుండా ఉన్న కారయితే 2021 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం వింటేజ్ కారుగా రిజిస్టరు చేయించుకోవచ్చు. దానికి 20,000 రుసుం, పదేళ్ళ గడువు. అయితే దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, అలాంటి వాటికే తప్ప రోజూ తిప్పకూడదు. ఇది 1984 బండి కాబట్టి దీనికి ఆ ఊసు లేదు.

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే కదలలేదు. మా వారి మొహం చిన్నబోయింది. ఇంకొంచెం నూనె పోసి, అరగంట ఆగి, ముందుకూ వెనక్కూ మెల్లమెల్లగా ఊపితే ఒక్కసారిగా తిరిగింది. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది.

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. కారు నడిస్తేనే ఆఫీసులో చూపించగలం. నడవాలంటే బాగుచేయించాలి. మాది కాని కారుకు మా డబ్బు ఎలా పెట్టేది? ఆమె దగ్గరేమో అంత డబ్బు లేదు. ఆలోచించి నేనొక దారి చెప్పాను. కొడుకులిద్దరినీ ఫోన్లో మాట్లాడించి, ధర 75,000కు ఖాయం చేశాం. 25,000 బయానా ఆమె చేతికే ఇచ్చాం. బాగుచేత ఖర్చు మాది. కారు ముందు ఆమె పేరుకు మారాలి. ఏ కారణం చేతనైనా అమ్మకం జరగకపోతే బయానా, బిల్లుల డబ్బు వాళ్ళు తిరిగి ఇవ్వాలి. ఇదంతా స్టాంపు కాగితం మీద రాయించి, వారం తిరక్కుండా ఇద్దరు కొడుకులూ వచ్చి సంతకాలు పెట్టాక గానీ కారును ట్రాక్టరుకు కట్టి వనపర్తి షెడ్డుకు లాగించలేదు.

ఖర్చు లెక్క

సామాన్లకు మా వారు హైదరాబాదు రాణీగంజ్‌కు రెండుసార్లు తిరిగారు. నా పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళకు పనికొస్తుందని చెబుతున్నాను.

బ్రేకులు, క్లచ్చు 21,000. ట్యాంకు, కార్బురేటర్, పైపులు 9,500. టైర్లు, ట్యూబులు అయిదు జతలు 24,000. బ్యాటరీ 5,000. వైరింగు 8,000. అడుగు రేకు వెల్డింగు 14,000. సీట్లు 7,500. మొత్తం 89,000. రిజిస్ట్రేషన్, పేరు మార్పులు, టాక్సు, ఇన్సూరెన్సు, అఫిడవిట్లు కలిపి 26,000. కారు ధర 75,000. అన్నీ కలిపితే 1,90,000. కారు ధర కన్నా పైఖర్చే ఎక్కువ! పాత కారు బేరమాడేటప్పుడు చూడాల్సింది వాళ్ళు చెప్పే ధర ఒక్కటే కాదని ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. రంగు వేయించలేదు. పెద్దమ్మ కుంకుమ పెట్టిన మరక అలాగే ఉంది.

ఆఫీసులో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూస్తారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు పడతాయి, మనం చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దేవాళ్ళం చూడండి, అలా. నంబర్లు కలవని బండి జోలికి అసలు పోవద్దు.

డిసెంబరులో ఆమె పేరున కాగితం వచ్చింది. అందులో తన పేరు చూపిస్తే వేలితో తడిమి, "నా పేరున గిదే మొదటి కాగితం బిడ్డా" అంది. ఆ తర్వాత మా పేరుకు మార్చే కాగితాల మీద సంతకం చేసింది. మిగిలిన 50,000 కొడుకుల ఎదుటే ఆమె బ్యాంకు ఖాతాలో వేశాం.

తిరుగు దారి

వచ్చేటప్పుడు కొంచెం చుట్టయినా పెద్ద రోడ్డు పట్టుకుందామన్నారు మా వారు. దారిలో ఏదైనా అయితే మెకానిక్ దొరుకుతాడు కదా. పెద్దమ్మ చెల్లెలు కొత్తకోటలో ఉంటుందట. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని బయలుదేరాం. ఆరేళ్ళ తర్వాత ఆ కారులో కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "గేరు మార్చంగ అదే సప్పుడు" అంది.

కొత్తకోట దగ్గరే సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు గారు తల్లి సరళాదేవి పేరున కట్టించిన చెరువు. నీళ్ళు నిండగానే మనిషి చెయ్యి పడకుండా సైఫన్లు వాటంతట అవే పనిచేసి నీటిని వదిలేస్తాయి. ఇంత తెలివిగా కట్టిన దానికి కూడా 2019 డిసెంబరు 31న గండి పడింది, మళ్ళీ కట్ట కట్టుకోవలసి వచ్చింది.

అక్కడి నుంచి మహబూబ్‌నగర్. పిల్లలమర్రి చూడకుండా ఎలా వస్తాం? ఏడు వందల ఏళ్ళ చెట్టంటారు, మూడెకరాల దాకా ఊడలు దిగింది. 2017 చివర ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే లోపల చెదలు తినేసిందని తెలిసింది. మరుసటి ఏడాది ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టు సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా చెదల మందు ఎక్కించారు. బరువైన కొమ్మల కింద స్తంభాలు నిలబెట్టారు. ఇప్పుడు చిగుళ్ళు వేస్తోంది.

ఈ ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా కారు కోసం ఎదురుచూసినవారే. రోల్స్ రాయిస్‌కు ఆర్డరిచ్చారు గానీ అది రాకముందే 1911 ఆగస్టులో కన్నుమూశారు. సింహాసనంలాంటి సీటున్న ఆ పసుపు పచ్చ కారును కొడుకు ఉస్మాన్ అలీఖాన్ పండుగలకూ పబ్బాలకూ తప్ప బయటికి తీయలేదు. ఇన్నేళ్ళలో అది నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదంటారు. బాగుచేయించి హైదరాబాదు చౌమహల్లాలో ఉంచారు. రాజుల కారయితే అద్దాల వెనక ఉన్నా అందమే. మనలాంటి వాళ్ళ కారు నడవాలి, కూరగాయల సంచీ మోయాలి.

జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా, మధ్యలో రెండుసార్లు ఆగి రేడియేటర్ నీళ్ళు చూసుకుంటూ, రాత్రి తొమ్మిదింటికి నల్లగొండ చేరాం. ఇప్పుడు ప్రతి ఆదివారం ఎక్కడికీ పని లేకపోయినా పానగల్లు గుడి దాకా తిప్పుతున్నాం. వారానికి ఒకసారైనా కదిలిస్తేనే బ్యాటరీ, బ్రేకులు, టైర్లు నిలుస్తాయని మెకానిక్ మరీ మరీ చెప్పాడు. చీటీ డబ్బులో మిగిలిన పదివేలు వంటింటి లెక్కలోనే ఉన్నాయి. అల్మారాలు వచ్చే చీటీకి.

పెద్దమ్మ సంక్రాంతికి ఫోన్ చేసి ఇంటి కప్పు పని అయిపోయిందని చెప్పింది. చదివే మీరందరూ ఈ రోజు ఒక పని చేయండి. బీరువా తెరిచి ఇంట్లో ఉన్న స్కూటరు, కారు, ట్రాక్టరు, ఏదైనా సరే ఆర్సీ తీసి చూడండి. ఎవరి పేరున ఉంది, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్నవి ఒక చీటీ మీద రాసుకోండి. పోయినవారి పేరునే ఉండిపోతే, వారసులందరూ పండక్కి కలిసినప్పుడే ఆ సంతకాలు పెట్టించేయండి. ఆలస్యమైన కొద్దీ రుసుములు పెరుగుతాయి, కొట్టంలో బండి కరిగిపోతుంది.